పేరు లేని కొలువు: చందమామ కార్యాలయంలో సిబ్బంది ఎంపిక, కూర్పు

తెలుగు పత్రికల చరిత్ర చాలావరకు సంపాదకుల చరిత్రగానే రచింపబడింది. ఆంధ్రపత్రిక అనగానే కాశీనాథుని నాగేశ్వరరావు, కృష్ణాపత్రిక అనగానే ముట్నూరి కృష్ణారావు స్ఫురిస్తారు. ఆ పేర్ల వెనుక బల్లల ముందు కూర్చొని నెలజీతానికి పనిచేసినవారు ఎవరు, వారిని ఎవరు ఏ లెక్కన ఎంచుకున్నారు, వారు ఎంతకాలం నిలిచారు అన్న ప్రశ్నలకు పరిశోధనలో దక్కిన చోటు తక్కువ. పత్రిక సాహిత్యవేదిక కావడానికి ముందే ఒక చిన్న వ్యాపారం. కాగితం కొనాలి, సిరా కొనాలి, ఒకటో తారీఖున జీతాలివ్వాలి. ఆ వ్యాపారంలో మనుషులను సమకూర్చుకున్న తీరు పత్రిక రూపాన్నే కాక, దాని శైలిని కూడా నిర్ణయించగలదు. 1947 జూలైలో మద్రాసు నుంచి వెలువడడం మొదలైన చందమామ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ.

చందమామ కథలన్నీ ఒకే చేత్తో రాసినట్లుంటాయని పాఠకులు తరచుగా అంటారు. ఈ ఏకరూపతను సాధారణంగా చక్రపాణి అభిరుచికో, కొడవటిగంటి కుటుంబరావు ప్రతిభకో ఆపాదిస్తారు. ఆ రెండూ కాదనలేనివే. అయితే ఆ అభిరుచి, ఆ ప్రతిభ దశాబ్దాలపాటు ప్రతి నెలా ఒకే తీరుగా పనిచేయడానికి కార్యాలయ నిర్మాణమే ఆధారమైంది. శాశ్వత ఉద్యోగం, స్థిరమైన జీతం, రచయిత పేరును అచ్చులో చూపకపోవడం అనే పద్ధతులు ఆ నిర్మాణంలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. చివరి పద్ధతికి సాహిత్యచరిత్ర చెల్లించిన మూల్యం ఎంతో ఇంకా పూర్తిగా లెక్కకు రాలేదు.

అచ్చుయంత్రం అవసరం

చందమామ వ్యవస్థాపకులిద్దరూ వేర్వేరు అనుభవాల నుంచి వచ్చినవారు. బి.నాగిరెడ్డి (1912–2004) కడప జిల్లా పొట్టింపాడుకు చెందినవారు. వారి కుటుంబానికి ఉల్లిపాయల ఎగుమతి వ్యాపారం ఉండేది. అన్నగారైన బి.ఎన్.రెడ్డి సినిమా దర్శకుడు. నాగిరెడ్డి మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్ నిర్వహణలో రాటుదేలారు. రెండవ వ్యక్తి తెనాలికి చెందిన ఆలూరి వెంకటసుబ్బారావు (1908–1975), అంటే చక్రపాణి. క్షయవ్యాధి చికిత్సకోసం మదనపల్లె శానటోరియంలో ఉన్న కాలంలో బెంగాలీ నేర్చుకొని, శరత్ నవలలను తెలుగు చేసినవారాయన. బి.ఎన్.రెడ్డి ‘స్వర్గసీమ’ (1945)కు మాటలు రాసినదీ ఆయనే. ఒకరికి యంత్రం తెలుసు, సరుకు అమ్మడం తెలుసు. రెండవవారికి వాక్యం తెలుసు. ఈ పొత్తుకు దక్కిన ప్రశంస తక్కువేమీ కాదు. వీరు తమ కింద పనిచేసేందుకు ఎంచుకున్నవారి విషయమే వివరంగా చూడవలసి ఉంది.

అప్పటికి తెలుగులో పిల్లల పత్రిక లేకపోలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ను ప్రారంభించారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన ఆ దంపతుల వాత్సల్యం, వారి చుట్టూ చేరిన పిల్లల ఉత్సాహం ఆ పత్రికకు పెట్టుబడి. ముళ్లపూడి వెంకటరమణ, బాపు వంటివారు పిల్లలుగా అచ్చులో తమ పేరు చూసుకున్నది అందులోనే. పిల్లలే రచయితలుగా, పేర్లు అచ్చవుతుండగా నడిచిన పత్రిక అది. చందమామ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టింది. పిల్లలకు కావలసినది పెద్దలు వృత్తిగా తయారుచేసి ఇవ్వాలన్నది దాని పద్ధతి. మొదటి పత్రిక కుటుంబంలా సాగితే, రెండవది కార్ఖానాలా సాగింది. కార్ఖానా అన్న మాటను ఇక్కడ నిందగా తీసుకోనక్కరలేదు.

ఆరువేల ప్రతులతో ప్రారంభమైనట్లు చెప్పే ఈ పత్రిక అదే ఏడాది తమిళంలో ‘అంబులిమామ’గా వెలువడింది. 1949లో కన్నడం, హిందీ చేరాయి. 1952లో మరాఠీ ‘చాందోబా’ వచ్చింది. తరువాత మలయాళం, గుజరాతీ, ఇంగ్లీషు, ఒడియా భాషల సంచికలు తోడయ్యాయి. ఈ విస్తరణను సాంస్కృతిక ఘట్టంగా కీర్తించినవారు చాలామంది. అచ్చాఫీసు లెక్కల నుంచి చూస్తే దీని తర్కం మరొక విధంగా కనిపిస్తుంది. రంగుల బొమ్మ ఖరీదైనది. చిత్రకారుని శ్రమ, బ్లాకు తయారీ ఒక భాషకైనా పది భాషలకైనా ఒకటే. అదే బొమ్మను అన్ని భాషలకూ వాడుకుంటే ఒక్కొక్క ప్రతిపై పడే భారం తగ్గుతుంది. అయితే బొమ్మ ఉమ్మడి కావాలంటే కథ కూడా ఉమ్మడి కావాలి. కథ ఒకచోటే పుట్టాలి, అన్ని భాషలకూ ఒకే వేళకు అందాలి, పుటలో బొమ్మ చోటు మారకుండా పాఠం ఇమడాలి. బయటి రచయితలు తీరిక దొరికినప్పుడు పంపే కథలను నమ్ముకొని ఈ పని సాగదు. రోజూ కార్యాలయానికి వచ్చే రచయితలు, చిత్రకారులు, అనువాదకులు కావాలి. ఆ విధంగా బొమ్మల అచ్చుఖర్చు కథకుణ్ణి ఉద్యోగిగా మార్చింది. చందమామ సిబ్బంది కూర్పును అర్థం చేసుకోవడానికి ఇదే సరైన ప్రారంభస్థానం.

కథల బల్ల

1952 ఈ కార్యాలయచరిత్రలో కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది కొడవటిగంటి కుటుంబరావు, దాసరి సుబ్రహ్మణ్యం, చిత్రకారుడు శంకర్ ముగ్గురూ చందమామలో చేరారు. ప్రారంభమైన అయిదేళ్లకు, భాషల సంఖ్య పెరుగుతున్న దశలో, ఒక్క ఏడాదిలో ఇంతటి బలం సమకూర్చుకోవడం కాకతాళీయమని అనుకోవడం కష్టం.

కుటుంబరావు (1909–1980) ఎంపిక పైకి వింతగా తోస్తుంది. ఆయన భౌతికశాస్త్రం చదివినవారు, హేతువాది, మధ్యతరగతి జీవితాన్ని నిర్దాక్షిణ్యంగా చిత్రించిన నవలాకారుడు. సిమ్లా, జయపురం, బొంబాయి వంటి చోట్ల రకరకాల కొలువులు చేసి, ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేసి వచ్చినవారు. రాజకుమారులు, బ్రహ్మరాక్షసులు, మాయాదండాలు నిండిన పత్రికకు ఇటువంటి వ్యక్తిని ఎంచుకోవడంలో చక్రపాణి చూసినదేమిటి? ఇద్దరూ తెనాలివారు, పాత పరిచయస్థులు. ఆ పరిచయమే కారణమని తేల్చివేస్తే మాత్రం ముఖ్యమైన సంగతి జారిపోతుంది. కుటుంబరావు వాక్యం చిన్నది. అందులో అలంకారం లేదు, ప్రాంతీయమైన మెలిక లేదు, పాత్రపై రచయిత జాలి లేదు. కార్యకారణాలు తెగకుండా కథ నడపడం ఆయనకు స్వభావం. సాంఘిక నవలలో కొందరికి పొడిగా తోచిన ఈ గుణమే, ఒక కథ ఏకకాలంలో అనేక భాషల్లోకి వెళ్లవలసిన చోట అమూల్యమైంది. నానుడి మీద ఆధారపడిన చమత్కారం అనువాదకుని బల్ల దగ్గర ఆగిపోతుంది. సంఘటన మీద ఆధారపడినది ఆగదు. పిల్లల రచయిత కోసం వెతికితే కుటుంబరావు దొరికేవారు కారు. ఏ పనికి మనిషి కావాలో, ఆ పనిని అంతవరకు చేయనివారిలో దానికి కావలసిన గుణాన్ని గుర్తించడం చక్రపాణి ఎంపికలో ప్రత్యేకత.

చేరినప్పటినుంచి మరణించేవరకు, దాదాపు ఇరవైఎనిమిదేళ్లు, కుటుంబరావు ఆ బల్ల వదలలేదు. వచ్చిన కథలను తిరగరాయడం, రామాయణ మహాభారతాలను పిల్లల భాషలోకి తేవడం, పాఠం ప్రతి వాక్యాన్నీ సరిచూడడం ఆయన విధి. సంపాదకుడిగా అచ్చయిన పేరు మాత్రం చక్రపాణిది. బయట ఆయన సాహిత్యవ్యాసాలు రాశారు, నవలలు రాశారు, 1970లో ఏర్పడిన విరసంలో బాధ్యతలు వహించారు. యాజమాన్యం ఆయన రాజకీయాలతో ఏకీభవించే అవకాశం తక్కువ. అయినా ఉద్యోగానికి భంగం రాలేదు. సినిమా స్టూడియో యజమానుల పత్రికలో విప్లవ రచయితల సంఘ సభ్యుడు బేతాళ కథలను సరిదిద్దుతూ కూర్చోవడం తెలుగు సాహిత్యచరిత్రలోని విచిత్రాల్లో ఒకటి. దీనిని ఉదారత అనడం కంటే, పనిని మనిషి అభిప్రాయాల నుంచి వేరుచేసి చూసిన వ్యాపారవివేకం అనడం ఉచితం. నెలజీతం ఇచ్చిన స్థిమితం ఆయన మిగతా రచనకు కూడా ఆసరా అయిందనే కోణంలో కుటుంబరావు సాహిత్యాన్ని ఇంకా పరిశీలించవలసి ఉంది.

బేతాళ కథల విషయం ఈ పనితీరును మరింత స్పష్టం చేస్తుంది. సంస్కృత మూలంలో ఉన్నవి ఇరవైఅయిదు కథలే. చందమామలో విక్రమార్కుడు కొన్ని వందల నెలలు ఆ శవాన్ని మోశాడు. ప్రారంభం, ముగింపు ఎప్పుడూ ఒకటే. నడుమ కథ మాత్రమే కొత్తది, చివర ప్రశ్న కొత్తది. ఏ కథనైనా, చివర ఒక ధర్మసందేహం పెట్టగలిగితే, ఆ చట్రంలో బిగించవచ్చు. బయటినుంచి వచ్చిన కథను కార్యాలయంలో బేతాళ కథగా మలచడం అలా సాధ్యమైంది. నెలనెలా గడువు తప్పకుండా సరుకు తయారుచేయవలసిన సిబ్బందికి అంతకన్న మంచి పనిముట్టు దొరకదు.

దాసరి సుబ్రహ్మణ్యం (1932–2010) ఎంపిక మరొక రకానిది. ఆయన ఇరవయ్యో ఏట చేరారు. పేరున్న రచయిత కారు. 1954 జనవరిలో ‘తోకచుక్క’ ధారావాహిక ప్రారంభమైంది. తరువాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటివి వరుసగా వచ్చాయి. ఒక తరం తెలుగు పాఠకులు పత్రిక రాగానే ముందుగా తెరిచిన పుటలివి. కుటుంబరావును ఎంచుకున్నది ఉన్న నైపుణ్యాన్ని చూసి. దాసరిని ఎంచుకున్నది రాబోయే నైపుణ్యాన్ని నమ్మి. ఒకే ఏడాది, ఒకే గదిలోకి, నలభై దాటిన పేరున్న రచయితను, ఇరవైయేళ్ల కుర్రవాణ్ణి చేర్చుకోవడం వల్ల పని నేర్పేవారు, నేర్చుకొని కొనసాగించేవారు ఇద్దరూ సంస్థకు దక్కారు. దాసరి 2006 వరకు ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. తెలుగులో యాభైనాలుగేళ్లు ఒకే పత్రికలో పనిచేసిన రచయితను మరొకరిని చూపడం కష్టం.

బొమ్మల బల్ల

చిత్రకారుల విషయంలో ఎంపిక మరింత వైవిధ్యంతో సాగింది. ‘చిత్ర’గా ప్రసిద్ధులైన టి.వి.రాఘవన్ కళాశాలలో చిత్రకళ నేర్చినవారు కారు. శంకర్, అంటే కె.సి.శివశంకరన్ (1924–2020), మద్రాసు ప్రభుత్వ కళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రధానాచార్యులుగా ఉన్న కాలంలో శిక్షణ పొంది, ‘కలైమగళ్’ తమిళపత్రికలో పనిచేసి వచ్చారు. ఎం.టి.వి.ఆచార్య కన్నడ ప్రాంతం నుంచి వచ్చినవారు. మహాభారత ఘట్టాలతో ఆయన వేసిన ముఖచిత్రాలు పత్రికకు గాంభీర్యాన్ని తెచ్చాయి. పత్రిక తెలుగువారిది, చిత్రకారుల్లో ముఖ్యులు తమిళులు, కన్నడిగులు. బొమ్మకు భాష అడ్డుకాదన్న సంగతి నియామకాల్లోనే అమలైంది. స్వయంకృషితో వచ్చిన చిత్ర దాసరి ధారావాహికల్లోని కొండలు, కోటలు, వింతజంతువులను ఊహించి వేశారు. శాస్త్రీయశిక్షణ ఉన్న శంకర్ భుజాన శవం, చేత కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి స్థిరపరిచారు. ఒకరి లోటును మరొకరు పూరించారనడం కంటే, ఎవరి బలానికి తగిన పుటలు వారికి దక్కాయనడం సరైనది.

నాలుగో చిత్రకారుడు అసలు కార్యాలయానికి రాలేదు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య (1921–1992) అనకాపల్లి కళాశాలలో డ్రాయింగు మాస్టారు. అనకాపల్లి, కశింకోటల నుంచే ఆయన ముఖచిత్రాలు వేసి మద్రాసుకు పంపేవారు. రోజూ వచ్చి కూర్చోవాలన్న నియమం మీద నిలబడిన సంస్థ ఇక్కడ ఆ నియమాన్ని సడలించింది. కారణం ఊహించడం కష్టం కాదు. లోపలి బొమ్మ కథతో పాటు నడవాలి, కథ మారితే మారాలి. ముఖచిత్రం తనంత తాను నిలబడుతుంది. పని స్వభావాన్ని బట్టి నియమం, నియమాన్ని బట్టి పని కాదు. పాపయ్య చందమామ బొమ్మలపై ‘వ.పా.’ అని సంతకం చేశారు. చక్రపాణి నిర్వహణలోనిదే అయిన ‘యువ’ మాసపత్రికలో, పెద్దల కోసం వేసిన బొమ్మలపై ‘పావ’ అని తిరగవేశారు. ఒకే యాజమాన్యం, ఒకే చేయి, రెండు సంతకాలు.

సంతకం ఉన్నవారు, లేనివారు

సంతకం దగ్గరే ఈ కార్యాలయ నిర్మాణంలోని అసమానత బయటపడుతుంది. చిత్ర, శంకర్, వ.పా. అన్న సంతకాలు బొమ్మ అడుగున ప్రతి నెలా, ప్రతి భాషలో కనిపించాయి. బయటినుంచి కథలు పంపినవారి పేర్లు కూడా అచ్చయ్యాయి. ‘వసుంధర’ వంటి కలంపేర్లు చందమామ పాఠకులకు చిరపరిచితం. పేరు లేనివారు లోపలి రచయితలు మాత్రమే. తోకచుక్క కింద చిత్ర సంతకం ఉంది, దాసరి పేరు లేదు. మహాభారతం పుటల్లో కుటుంబరావు పేరు లేదు.

ఇదే యజమానుల సినిమా సంస్థతో పోల్చి చూడడం ఇక్కడ ఉపయోగపడుతుంది. ‘షావుకారు’ (1950), ‘పాతాళభైరవి’ (1951) నిర్మించిన విజయా సంస్థ నటులను, సాంకేతికులను ఒప్పందాలతో, నెలజీతాలతో తన దగ్గర ఉంచుకొంది. పింగళి నాగేంద్రరావు, మార్కస్ బార్ట్‌లే, ఘంటసాల, గోఖలే వంటివారు చిత్రం తరువాత చిత్రంలో కలిసి పనిచేయడం వల్ల ఏర్పడిన పొందిక ‘మాయాబజార్’ (1957) వరకు కనిపిస్తుంది. మనుషులను సమకూర్చి, మార్చకుండా నిలుపుకోవడం అనే సూత్రం రెండుచోట్లా ఒకటే. తేడా ఒక్కటి: తెరమీద పేర్లు పడేవి. అంటే పేరు దాచడం ఆ యజమానులకు సహజమైన అలవాటు కాదు. పత్రికలో దానికి వేరే ప్రయోజనం ఉండి ఉండాలి.

ఆ ప్రయోజనాన్ని రెండు విధాలుగా వివరించవచ్చు. మొదటిది పాఠానికి సంబంధించినది. కార్యాలయంలో కథ ఒకరు రాస్తారు, మరొకరు తిరగరాస్తారు, ఇంకొకరు మరో భాషలోకి మారుస్తారు. చివరికి మిగిలే కథ ఎవరిదని చెప్పడం కష్టం. అవ్వ చెప్పే కథకు కర్త పేరు అక్కరలేదన్న జానపద న్యాయం కూడా దీనికి తోడు. రెండవది వ్యాపారానికి సంబంధించినది. పేరు అచ్చయితే పాఠకుని అభిమానం రచయితతో ముడిపడుతుంది. రచయిత వెళ్లిపోతే అభిమానమూ వెళ్తుంది. పేరు లేనప్పుడు అది పత్రికతోనే ఉండిపోతుంది. ఈ రెండవ వివరణ కఠినంగా తోచినా, చిత్రకారుల సంతకాలను అనుమతించి రచయితల పేర్లను వదిలివేయడాన్ని మొదటి వివరణ ఒక్కటే సమర్థించలేదు. తిరగరాతకు లోబడిన చిన్నకథ విషయంలో అది చెల్లుతుంది. ఏళ్ల తరబడి ఒకే వ్యక్తి ఊహలో నడిచిన ధారావాహికల విషయంలో చెల్లదు.

ఇందులో బలవంతం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. యాభైనాలుగేళ్లు ఒకచోట పనిచేసిన మనిషి ఆ ఏర్పాటును ఏదో మేరకు అంగీకరించినట్లే భావించాలి. పేరు ఇచ్చి జీతం ఇవ్వని పత్రికలు తెలుగులో కొల్లలు. జీతం ఇచ్చి పేరు ఇవ్వని చందమామను వాటికంటే హీనంగా చూడడం న్యాయం కాదు. అయితే ఉద్యోగి, యజమాని మధ్య కుదిరిన ఒప్పందం సాహిత్యచరిత్రను కట్టడి చేయనవసరం లేదు.

ఈ ఒప్పందం పరిణామాలు ఇద్దరి విషయంలో రెండు విధాలుగా ఉన్నాయి. కుటుంబరావుకు బయట పేరుంది. ఆయన చందమామ కృషి అజ్ఞాతంగా ఉన్నా, ఆయన సాహిత్యస్థానానికి లోటు రాలేదు. దాసరికి బయట అంతటి పేరు లేదు. ఆయన రచనలో అధికభాగం పేరులేని పుటల్లోనే ఉంది. ఆధునిక తెలుగు వచన చరిత్రల్లో జానపద ఫణితిలోని సాహసకథ గురించిన ప్రస్తావనలు సన్నగా ఉండడానికి ఇదొక కారణం. కర్త తెలియని గ్రంథం సిద్ధాంతవ్యాసానికి ఎక్కదు. విశ్వవిద్యాలయ పరిశోధన రచయితను ప్రాతిపదికగా తీసుకొని సాగినంతకాలం, అత్యధికంగా చదవబడిన వచనం అతితక్కువగా పరిశోధింపబడడం అనివార్యం.

చెదిరిన కూర్పు

చక్రపాణి 1975లో, కుటుంబరావు 1980లో మరణించారు. అప్పటికి సంస్థలో నేర్చినవారు ఉన్నారు కాబట్టి పత్రిక ఆగలేదు. చిత్ర అనంతరం ఆయన పుటల భారం కూడా చాలావరకు శంకర్ మీద పడింది. 1952లో కూర్చిన బృందం అర్ధశతాబ్దం తరువాత కూడా కొంతమేరకు పనిచేస్తూనే ఉండడం ఆ ఎంపిక బలానికి నిదర్శనం. లోపం కూడా అక్కడే ఉంది. మొదటి తరంలో నలభైయేళ్లవారి పక్కన ఇరవైయేళ్లవారిని కూర్చోబెట్టిన పద్ధతి తరువాతి దశాబ్దాల్లో అదే పట్టుదలతో కొనసాగినట్లు కనిపించదు. 2007లో పత్రిక జియోడెసిక్ సంస్థ చేతికి వెళ్లింది. కొన్నేళ్లకే ప్రచురణ నిలిచిపోయింది. కొన్నవారికి దక్కినది పాత సంచికల నిధి. ఆ నిధిని తయారుచేసిన బల్లలు కావు.

శంకర్‌కు 2021లో, మరణానంతరం, పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన బొమ్మ మీద ఆయన సంతకం ఉంది కాబట్టి ఆయన ఎవరో ఎవరూ రుజువు చేయవలసిన అవసరం రాలేదు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకు ఆయన పేరు చేరడానికి మాత్రం అభిమానుల పూనిక అవసరమైంది. పాత సంచికలు సేకరించి, సహోద్యోగుల మాటలు పోల్చి చూసి, వారు ఆ కథలను పుస్తకాలుగా తెచ్చారు. ఏ కథ ఎవరి బల్ల మీద పుట్టిందో నిర్ణయించవలసిన పని చిన్నకథల విషయంలో అలాగే మిగిలి ఉంది. అందులోనూ 1952కు ముందరి అయిదేళ్ల సంచికల్లోని పేరులేని కథలను ముందుగా చేపట్టవలసి ఉంది. కుటుంబరావు రాకకు ముందు, తరువాత వచ్చిన కథల్లో వాక్యాల నిడివిని, సంభాషణల పాళ్లను, కథ ముగించే తీరును పోల్చి చూస్తే, చందమామ శైలిగా ప్రసిద్ధమైనది ఏ నెల నుంచి కనబడుతుందో తేలే అవకాశం ఉంది.